షీల్డు ఉంది, జట్టు ఏది?

ప్రతి ఏడు వార్షికోత్సవానికి పాత విద్యార్థులు వచ్చినప్పుడు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మా బ్యాచ్ ఉన్నప్పుడు కబడ్డీల మనల్ని కొట్టినోడు లేడు." మేమూ ఆ మాట అన్నవాళ్ళమే. 2017లో మేము పదో తరగతిలో ఉండగా సిరిసిల్లలో హాస్టళ్ళ మధ్య జరిగిన కబడ్డీ పోటీల్లో ఫైనల్ గెలిచి షీల్డు తెచ్చాం. అది ఇప్పటికీ వార్డెన్ సార్ రూములో బీరువా మీద ఉంది. ఆ మరుసటి ఏడు మన జట్టు మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి మధ్యాహ్నం భోజనం వేళకు తిరిగి వచ్చింది. ఈ రెండో సంగతి మేము ఎన్నడూ చెప్పలేదు. రెండింటికీ కారణం మేమే కాబట్టి ఈ సంచికలో చెప్పుకోవడం న్యాయం.

ఆ ఏడు జట్టులో పన్నెండు మంది. కోర్టులో ఏడుగురం, ఏడుగురమూ పదో తరగతి. బయట కూర్చున్న ఐదుగురిలో ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడుండేవాడు. పొద్దున స్టడీ అవర్‌కు ముందే గ్రౌండుకు వచ్చి రాళ్ళు ఏరి, ముగ్గుతో గీతలు వేసేది వాడే. మ్యాచ్‌లప్పుడు మా అంగీలు, నీళ్ళ సీసాలు కూడా వాడి దగ్గరే. ఫైనల్లో కోరుట్ల జట్టు మీద రెండో సగం మొదట్లోనే పద్నాలుగు పాయింట్లు ముందున్నాం. వాడు గీత దగ్గరికి వచ్చి, "అన్నా, ఒక్కసారి నన్ను కూతకు పంపుండ్రి" అని అడిగాడు. "వచ్చే ఏడు మొత్తం నువ్వే ఆడుదువు తియ్యి" అన్నాం. గెలిచాక షీల్డు పట్టుకొని ఫోటో దిగాం. అందులో వాడు లేడు. ఫోన్ పట్టుకొని ఫోటో తీసింది వాడే.

కోరుట్ల వాళ్ళు ఆ రోజు ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలను ఆడించారు. వాళ్ళు అవుటై బయటికి పోతుంటే మేము నవ్వాం. మరుసటి ఏడు మొదటి మ్యాచ్ ఆ కోరుట్లతోనే పడింది. ఆ ఇద్దరూ అప్పటికి తొమ్మిదో తరగతి. జనం ముందు ఆడిన అనుభవం వాళ్ళకుంది. మన జట్టులో ఏడుగురికి ఏడుగురూ కొత్తవాళ్ళే. మా తమ్ముడు మూడుసార్లు కూతకు పోయి మూడుసార్లూ దొరికిపోయాడట.

హాస్టల్ జట్టుకు ఒక ప్రత్యేకత ఉంది. మిగతా జట్లలో ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి ఉంటారు. మన దగ్గర ప్రతి ఏప్రిల్‌లో పరీక్షలు కాగానే పదో తరగతి మొత్తం ట్రంకు పెట్టెలు ఎత్తుకొని గేటు దాటుతుంది. అందరూ పదో తరగతి వాళ్ళే ఉన్న జట్టు ఆ రోజుతో అయిపోయినట్టే. జూన్‌లో మళ్ళీ సున్నా నుంచి మొదలు. కాబట్టి "ఇప్పుడు గెలవాలా, చిన్నవాళ్ళను తయారు చేయాలా" అనే ప్రశ్న పెద్ద పెద్ద జట్ల కంటే మనకే ఎక్కువ అవసరం.

పెద్ద జట్లను చూసినా ఇదే తేలుతుంది. ప్రో కబడ్డీ 2014లో మొదలైనప్పటి నుంచి తెలుగు టైటాన్స్ ఉంది. 2015లో మూడో స్థానంలో నిలిచింది. రాహుల్ చౌదరి కూతకు పోతుంటే హాస్టల్ టీవీ ముందు మేము వేసిన కేకలకు వాచ్‌మన్ లేచి వచ్చేవాడు. తరువాత జట్టు ఒక్క స్టార్ మీద ఆశ పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1 కోటి 45 లక్షలకు కొన్నారు. పన్నెండు జట్లలో పదకొండో స్థానం వచ్చింది. ఆపై వరుసగా మూడు సీజన్లు ఆఖరి స్థానమే. అందులో మూడో సీజన్‌కు 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తీసుకున్నారు. అప్పటికి ప్రో కబడ్డీలో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. పవన్ తన వంతు పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు 22 మ్యాచుల్లో గెలిచింది రెండే.

అదే సీజన్ ఫైనల్ 2024 మార్చి 1న మన హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలోనే జరిగింది. గెలిచింది పుణేరి పల్టన్. కెప్టెన్ అస్లాం ఇనాందార్, అతనితో పాటు మోహిత్ గోయత్, ఇద్దరూ 2021లో మొదలైన సీజన్లో కొత్త కుర్రాళ్ళుగా ఆ జట్టులోకి వచ్చినవాళ్ళు. వాళ్ళను నమ్మి కోర్టులో నిలబెట్టారు. 2022లో ఫైనల్ దాకా వచ్చి జైపూర్ చేతిలో ఓడినా వాళ్ళను విడిచిపెట్టలేదు. 2023లో ఇరాన్ ఆటగాడు షాద్లూను 2 కోట్ల 35 లక్షలకు కొన్నారు. అంటే వాళ్ళూ స్టార్‌ను కొన్నారు, కానీ గోడలు లేచినాక కప్పు వేసినట్టు కొన్నారు. టైటాన్స్ కూడా 2025లో పవన్ లేకుండానే, విజయ్ మాలిక్ కెప్టెన్సీలో, పది మందీ తలా ఒక చెయ్యి వేసి ప్లేఆఫ్‌కు చేరారు.

గెలుపూ, తయారీ రెండూ ఒకేసారి కుదరవని కొందరంటారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ రెండూ చేసి చూపించారు. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన చేతి మీదుగా 1956లో ఇరవై ఏళ్ళకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన భారత జట్టులోనూ ఉన్నాడు.

ఇక ఎదుటి వాదన కూడా చెప్పాలి. అది చిన్నదేమీ కాదు. పదో తరగతి అన్నకు అదే ఆఖరి అవకాశం. స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్ ఉంటే రేపు స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుంది. మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో 2 శాతం ఆ కోటా ఉంది. మనలాంటి వాళ్ళకు ఒక్క కాగితం కూడా విలువైనదే. పైగా ఎనిమిదో తరగతి పిల్లవాడు పెద్దవాళ్ళ కింద పడితే దెబ్బ తగులుతుంది. ఇవి నిజాలే. అయితే స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17 అని జట్లు వేరుగా ఉంటాయి. అక్కడ అన్నల చోటు తమ్ముళ్ళకు ఇమ్మని మేము అనడం లేదు. హాస్టళ్ళ పోటీల్లో, పద్నాలుగు పాయింట్లు ముందున్నప్పుడు, ఒక్క కూతకు కూడా పంపకపోవడానికి మాత్రం ఏ కారణమూ లేదు. మా దగ్గర ఉన్నది షీల్డు మీది ఆశ ఒక్కటే.

మమ్మల్ని ఎక్కువగా బాధించేది ఇంకొకటి. మా ఇండ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఇప్పుడు పీజీలో ఉన్నాం. పదో తరగతి కాగానే మమ్మల్ని సిరిసిల్లలో సాంచాల మీద పెట్టి ఉంటే ఆ వారమే ఇంటికి పైసలు వచ్చేవి. కోరుట్ల, జగిత్యాల పక్క ఊర్లలో మా ఈడు వాళ్ళెందరో పాస్‌పోర్టు చేతికి రాగానే దుబాయి పోయారు. మా అమ్మలు బీడీలు చుట్టుకుంటూ, "ఇప్పుడు రాకపోతే మానె, సదువుకోనీ" అన్నారు. ఎనిమిదేళ్ళు ఆగారు, ఇంకా ఆగుతూనే ఉన్నారు. అంత ఓపిక మీద పెరిగిన మేము ఒక తమ్ముడి కోసం ఒక్క కూత సేపు ఆగలేకపోయాం.

నిరుడు సిరిసిల్ల బస్టాండులో వాడు కలిశాడు. సాంచాల పనికి పోతున్నాడు. కబడ్డీ ఆడుతున్నావా అని అడిగాం. "ఎప్పుడో ఇడిచిపెట్టిన అన్నా. నాకు రాదని అప్పుడే తెల్సింది" అన్నాడు. వాడికి రాకపోవడం కాదు, మేము నేర్పలేదు. ఆ మాట అక్కడ నోటికి రాలేదు. ఇక్కడ రాస్తున్నాం.

అందుకని ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్ళకు, పాత విద్యార్థులకు మేము కోరేది నాలుగు మాటలు. హాస్టళ్ళ పోటీలకు పోయే పన్నెండు మందిలో నలుగురు ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళు ఉండాలి. పది పాయింట్లు ముందుంటే ఇద్దరిని కోర్టులోకి దించాలి, ఓడినా ఎవరూ వాళ్ళను ఒక్క మాట అనొద్దు. పదో తరగతి ఆటగాడు ప్రతి ఒక్కడూ ఒక చిన్న తమ్ముడిని జోడీగా పట్టుకొని, కార్నర్‌లో ఎట్లా నిలబడాలో, దెబ్బ తగలకుండా ఎట్లా పడాలో నేర్పి పోవాలి. పాత విద్యార్థులు గెలిచిన జట్టుకు బహుమతి ఇచ్చినట్టే, బాగా ఆడిన చిన్న ఆటగాడికీ ఒక జత బూట్లు ఇవ్వాలి. మొదటి జత మా బ్యాచ్ తరఫున మేమే ఇస్తాం.

ఇట్లా చేస్తే ఒక ఏడు షీల్డు పోవచ్చు. పోనీ. ఏప్రిల్‌లో అన్నలు గేటు దాటినా జూన్‌లో జట్టు ఉంటుంది. ఈసారి గెలిచినప్పుడు చిన్న తమ్ముళ్ళు ముందు వరుసలో నిలబడాలి. ఫోటో మేము తీస్తాం.