మెడ నలుపు – నెత్తురు చెప్పే సాక్ష్యం

కొందరు ఆడపిల్లలకు మెడ వెనుక చర్మం మందమై, మఖ్మల్ గుడ్డలా నల్లబడుతుంది. తల్లులు దానిని మురికి అనుకొని శనగపిండి పెట్టి రుద్దుతూనే ఉంటారు. పెళ్ళిచూపుల నాటికి అదొక బెంగ. అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ మితిమీరినదని చర్మం పంపే కబురు.

ఇన్సులిన్ పిలుపును కణాలు వినిపించుకోనప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్‌ను పంపుతుంది. అందువల్ల షుగర్ పరీక్ష కొన్నేళ్ళపాటు మామూలుగానే రావచ్చు. ఎక్కువ మందిలో దీనికి కారణం అధిక బరువే. తిండిలో మితం, నడక వారికి మేలు చేస్తాయి. కానీ పిల్ల సన్నగా ఉండి, మెడ నల్లబడి, ముఖాన రోమాలు మొలిచి, నెలసరి తప్పుతూ ఉంటే సంగతి వేరు. అటువంటి బిడ్డను “తీపి తగ్గించు” అని పంపివేయడం అన్యాయమే.

ఈ అరుదైన స్థితికి ముఖ్య కారణాలు మూడు. కణంపై ఇన్సులిన్‌ను అందుకునే గ్రాహకం పుట్టుకతోనే లోపించడం ఒకటి. ఆ గ్రాహకంపై శరీరమే ప్రతిరక్షకాలను తయారుచేసుకోవడం రెండవది. ఈ రెండింటినీ 1976లో అమెరికా వైద్యులు వేరుచేసి చూపారు. చర్మం కింద కొవ్వు నిలువ ఉండే చోటు కరువై, అది కాలేయంలోకి, రక్తంలోకి చేరడం మూడవది.

వీటిని విడదీయడంలో కొవ్వు కణాలు విడుదల చేసే అడిపోనెక్టిన్ అనే ప్రోటీను తోడ్పడుతుంది. విచిత్రమేమంటే, ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. స్థూలకాయంలోనూ, కొవ్వు నిలువ లోపంలోనూ ఇది తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ. గ్రాహకమే లోపించినవారిలో అడిపోనెక్టిన్ తగ్గదు, తరచు హెచ్చుగా ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు మామూలుగా ఉంటాయి. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఈ తేడాను రోగ నిర్ధారణకు వినియోగించారు. ప్రతిరక్షకాల రకంలోనూ అడిపోనెక్టిన్ హెచ్చే గనుక, దానికి వేరే పరీక్ష కావాలి.

ఇంత శోధన ఎందుకంటే, చికిత్సలు వేరు. కొవ్వు లోపానికి నూనె, నెయ్యి కఠినంగా తగ్గించాలి. కొందరికి లెప్టిన్ మందు పనిచేస్తుంది. ప్రతిరక్షకాల రకానికి వాటిని అణచే మందులు కావాలి. పుట్టుకతో వచ్చిన గ్రాహక లోపానికి ఆ మందులు పనికిరావు. జన్యు నిర్ధారణకు వరంగల్లు వారికి హైదరాబాద్‌లో నిమ్స్ జన్యు వైద్య విభాగం, ఉప్పల్‌లోని సి.డి.ఎఫ్.డి. ఉన్నాయి.

మన ఇళ్ళలో చెప్పుకోవలసిన మాట మరొకటి. గ్రాహక లోపపు తీవ్ర రూపాలు తల్లిదండ్రులిద్దరి నుండీ లోపమున్న జన్యువు అందినప్పుడే వస్తాయి. మామూ కూతురిని, ఫుప్ఫీ కొడుకుని చేసుకునే ఇళ్ళలో ఆ అవకాశం ఎక్కువ; అక్క కూతురిని చేసుకునే హైందవ కుటుంబాలలోనూ అంతే. షరీఅత్‌లో దాయాదుల నికాహ్ ముబాహ్, అనగా అనుమతించబడినది, విధి కాదు. ఒక బిడ్డకు ఈ లోపం తేలిన దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. కావున డాక్టరు బంధుత్వం అడిగితే సిగ్గుపడి దాచకండి.

పరగడుపున ఇన్సులిన్ పరీక్ష కూడా కావాలేమో అడగండి. అయితే ఇప్పటికే ఇన్సులిన్ సూది తీసుకునేవారిలో ఆ లెక్క తప్పుదారి పట్టించవచ్చు. వారికి సి-పెప్టైడ్ చూస్తారు.