ఫొటోకి దండ, పార్టీకి సున్నా

ఘనాలో క్వామే ఎన్‌క్రుమాని గౌరవించని పెద్ద నాయకుడు దొరకడం కష్టం. అక్రాలో ఆయన సమాధి ఉంది, విగ్రహం ఉంది, పుట్టినరోజుకి సెలవుంది. ఆయన పెట్టిన పార్టీకి మాత్రం ఓట్లు లేవు. కన్వెన్షన్ పీపుల్స్ పార్టీ (సీపీపీ) 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఒక్క శాతం కూడా దాటలేదు. "పాపం, ఎంత గొప్ప పార్టీ!" అని నిట్టూర్చేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఆ నిట్టూర్పు మీదే నా కోపం.

1949లో ఆ పార్టీ పుట్టినప్పుడు చెప్పుకోడానికి వారసత్వం ఏమీ లేదు. పెద్దమనుషులు "వరండా కుర్రాళ్ళు" అని ఈసడించుకున్న నిరుపేద యువకులు, బజార్లో సరుకు అమ్ముకునే ఆడవాళ్ళు, వీళ్ళే పార్టీ. 1951లో నాయకుడు జైల్లో ఉంటే ఎన్నిక గెలిపించింది వీళ్ళే.

తర్వాత? 1958లో విచారణ లేకుండా నిర్బంధించే చట్టం. 1964లో మిగతా పార్టీలన్నీ రద్దు. ఎదురు మాట్లాడేవాళ్ళు లేకపోతే పార్టీ జనంతో మాట్లాడటం మర్చిపోతుంది. 1966లో సైన్యం ఎన్‌క్రుమాని దించేస్తే అక్రా వీధుల్లో జనం సంబరాలు చేసుకున్నారు. ఈ ముక్క దాచిపెట్టి ఆయన్ని ఎలా ప్రేమిస్తాం?

రూల్స్ అన్యాయమైనవే, ఒప్పుకుంటాను. 2020లో అధ్యక్ష అభ్యర్థి నామినేషన్ ఫీజు లక్ష సెడీలు. 1992 నుంచి అధ్యక్ష పదవి ఎన్‌డీసీ, ఎన్‌పీపీల చేతుల్లోనే తిరుగుతోంది. కానీ తెల్లవాడి రూల్స్ ఇంతకంటే న్యాయమైనవా? వాటికింద గెలిచిన పార్టీయే కదా ఇది!

అసలు రోగం వేరే. 2008లో ఎన్‌క్రుమా కూతురు సామియా జొమోరో నుంచి పార్లమెంటుకి గెలిచారు, 2012లో ఓడిపోయారు. 2008లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన ఎన్‌డుమ్ తర్వాత సొంత పార్టీ పెట్టుకున్నారు. ఒకే తాత పేరు మీద కాపురాలు మాత్రం వేరు. పంచుకోడానికి మిగిలింది ఫొటో ఒక్కటే.

దీనివల్ల నష్టం ఎన్‌క్రుమాకి కాదు. బంగారం తవ్వకాలతో నదులు బురదగా మారిపోతున్నాయి. అధికారంలో ఎవరున్నా అదే తంతు. రెండు పెద్ద పార్టీలనీ నిలదీసే మూడో గొంతు ఇప్పుడే కావాలి. ఆ గొంతు కావాల్సిన పార్టీ ఏటా దండ మారుస్తూ కూర్చుంది.

చిన్న పార్టీ కావడం తప్పేం కాదు. 1949లో అదీ చిన్నదే. కాకపోతే అప్పుడు వరండా మీద పడుకున్నవాడితో మాట్లాడింది. ఇప్పుడు విగ్రహంతో మాట్లాడుతోంది. విగ్రహానికి ఓటుహక్కు లేదు.