కథ తప్పినా ఫరవాలేదు

"అమ్మమ్మా, నాకొక మంచి దేవుణ్ణి చూసిపెట్టవూ?" అన్నది మా మనవరాలు, జడకు రిబ్బను చూసిపెట్టమన్నంత తేలిగ్గా.

నా గుండె గుభేలుమన్నది. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటికి నేను వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. "ఏడుకొండలవాడు మన ఇలవేల్పు కదే! ఉన్న ఆయన చాలక కొత్తవాణ్ణి వెదకడమెందుకు?" అన్నాను.

"నాక్కాదు అమ్మమ్మా, నా వేషానికి!" అని అది పకపకా నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నాలు భోజనాల బల్ల చుట్టూ పిల్లలంతా చేరి ఒక ఆట ఆడతారు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికా వాళ్ళు కల్పించగా 1974లో అచ్చయింది. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్ళు యోధుడనీ, దొంగ అనీ, మాంత్రికుడనీ, పూజారి అనీ తలా ఒక వేషం కట్టి, "ఇప్పుడు నేనేం చేస్తానంటే" అని చెబుతూ పోతారు. చేసిన పని నెగ్గిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మన వైకుంఠపాళిలో పాచిక ఎక్కడికి లాక్కుపోతే అక్కడికి పోవలసిందే. ఇక్కడ చేసే పని మాత్రం మనది. ఫలం మన చేతిలో లేదు. ఈ మాట మీరెక్కడో విన్నట్లుంది కదూ!

పూజారి వేషానికి శక్తులన్నీ దేవుడి వల్లనే వస్తాయి. అందుకని దేవుణ్ణి ఎంచుకోవాలి. 2014లో వచ్చిన నియమాల పుస్తకంలో దేవుళ్ళకు పట్టికలే ఉన్నాయి. వీళ్ళు ఆడుకునేది ఎడ్ గ్రీన్‌వుడ్ అనే ఆయన కల్పించిన లోకంలో. అక్కడ తుఫానులకు టాలోస్, అదృష్టానికి టైమోరా, తెల్లవారే వెలుగుకు లాథాండర్, పరుల బాధ తాను భరించడానికి ఇల్మేటర్.

"టాలోస్‌ని తీసుకో అక్కా, పిడుగులు కురిపించవచ్చు. నా వేషం మొక్కేది కూడా ఆయనకే" అన్నాడు మా మనవడు.

"ఆయన దుర్మార్గుడు కదరా!"

"అయితేనేం? పిడుగులున్నాయిగా!"

జీతం చూసి సంబంధం ఖాయం చేసే పెద్దమనుషులు గుర్తుకొచ్చారు నాకు. వాణ్ణనడమెందుకు? కాశీకి పోయినప్పుడు ఇష్టమైనదేదో వదిలి రావాలంటే, నేను కాకరకాయ వదిలి వచ్చినదాన్ని. పుట్టి బుద్ధెరిగి నేను కాకరకాయ నోట పెట్టి ఎరుగను. నాతో వచ్చిన మా అమ్మ మాత్రం మామిడిపండు వదిలింది. ఆ తరువాత బతికినన్నాళ్ళూ ప్రతి వేసవిలోనూ మాకు పళ్ళు కోసిపెడుతూ, చేతికంటిన రసం కడిగేసుకునేదే గాని ఒక్క ముక్క రుచి చూడలేదు. ఇద్దరం మునిగింది ఒకే గంగలో. వదిలినది మాత్రం ఒక్కరే.

అందుకని మనవరాలితో అన్నాను: "ఆ దేవుడు నీకేమిస్తాడని చూడకు. నీచేత ఏం మానిపిస్తాడో చూడు. ఏదీ మానిపించకపోతే, ఆ దేవుడు నీ వేషానికి పెట్టిన అట్టకిరీటమే."

అది చాలాసేపు ఆలోచించి ఇల్మేటర్‌ను ఎంచుకున్నది. "దెబ్బతిన్నవాణ్ణి వదిలి వెళ్ళను" అని తన కాగితం మీద రాసుకున్నది.

మా అమ్మాయికి ఇదేదీ నచ్చలేదు. ఆట నడిపే కుర్రవాడు వాళ్ళ నాన్నదట, 1980 నాటి పాత పుస్తకమొకటి తెచ్చాడు. అందులో గ్రీకు దేవతల సరసన మన ఇంద్రుడు, అగ్ని, యముడు! ఎవరెన్ని దెబ్బలకు పడిపోతారో అంకెలతో సహా వేశారు. "దేవుళ్ళతో ఆటలేమిటమ్మా?" అని అది కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

దాని బాధలో న్యాయం లేకపోలేదు. ఈ దేశపు తల్లులూ ఇలా హడలిపోయినవాళ్ళే. ఆటలో భూతప్రేతాలున్నాయని 1980లలో కొందరు క్రైస్తవులు పెద్ద గగ్గోలే చేశారు. 1989లో వచ్చిన రెండవ కూర్పులో డెమన్, డెవిల్ అనే పేర్లే తీసేశారు. నేను నా తీర్పు చెప్పాను: "మన పూజగది జోలికి ఆట రాకూడదు. ఆటకోసం పుట్టిన దేవుళ్ళతో ఎంతసేపయినా ఆడుకోండి." పాత పుస్తకం తిరిగి వెళ్ళిపోయింది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం వీళ్ళ కథలో గుహ కూలుతున్నది. ఎదురుగా నిధి. వెనుక కాలు విరిగి పడి ఉన్న గాబ్లిన్ అనే మరుగుజ్జు, అంతకు ముందే వీళ్ళ మీద బాణాలు వేసినవాడు. "వదిలెయ్! పద!" అని అందరూ అరిచారు. 1978 నాటి నియమాలలో పాలడిన్ అనే ధర్మవీరుడు తెలిసి ఒక్క పాపం చేస్తే ఆ పదవి శాశ్వతంగా పోయేదట. ఇప్పటి ఆటలో అంత కఠినం లేదు. పూజారిణి మాట తప్పినా దండించాలని నియమమేదీ లేదు.

పిల్ల తన కాగితం వంక చూసుకున్నది. "వాణ్ణి మోసుకొస్తాను" అన్నది. పాచిక వేసింది. మూడు పడింది. గాబ్లిన్‌ను బయటికి తోసేసింది గాని తాను రాళ్ళకింద ఉండిపోయింది. రెండు నెలలు పెంచుకున్న వేషం చచ్చిపోయింది. నిధీ దక్కలేదు. తమ్ముడు వారంపాటు మాట్లాడనన్నాడు.

రాత్రి నా పక్కన పడుకుని మెల్లిగా అడిగింది: "అమ్మమ్మా, ఇల్మేటర్ నిజంగా లేడు కదా? మరి వదిలేద్దామంటే నాకెందుకు మనసు రాలేదు?"

"నోము కథ విన్నాక అక్షతలు వేసుకుంటూ మేమొక మాట అనుకుంటామే: కథ తప్పినా వ్రతం తప్పకూడదని. నీ కథ తప్పింది. అంతేగా!" అన్నాను.

గుమ్మం దగ్గర మా అమ్మాయి నిలబడి విన్నది కాబోలు. మర్నాడు ఉదయం కూతురికి జడ వేస్తూ, "కొత్త వేషానికి ఈసారి ఏ దేవుడే?" అని తానే అడిగింది.

మా మనవడు మాత్రం పాలగ్లాసు పట్టుకుని నా దగ్గరకు వచ్చి, ఎవరూ వినకుండా అడిగాడు: "అమ్మమ్మా, మరి టాలోస్ నాచేత ఏం మానిపిస్తాడు?"

నాకు కాకరకాయ గుర్తుకొచ్చి, "పాలు తాగరా, చల్లారిపోతున్నాయి" అన్నాను.