ముగ్గురూ మనవాళ్లే... ఓటు ఎవరికి?

పొన్నూరులో మున్సిపల్ ఎన్నికలు వస్తున్నాయంటే చాలు... వార్డుకు ఎవరు నిలబడాలన్న చర్చ నామినేషన్లకు నెల ముందే మొదలవుతుంది. ఫలానావాళ్లబ్బాయి చదువుకున్నాడు గానీ జనంలో తిరగడు. ఆయన మంచివాడే, బావమరిదితోనే చిక్కు. ఆమె గెలుస్తుంది, గెలిచాక పెత్తనమంతా మొగుడిది! ఇలా నిడుబ్రోలు స్టేషను దగ్గర టీ కొట్టు మొదలుకుని పెళ్లి పందిళ్ల దాకా అభ్యర్థుల జాతకాలు విప్పుతూనే ఉంటారు. అదే రాష్ట్రపతి ఎన్నిక అయితే...? ‘ఓటే లేనిదానికి మనకెందుకు బాబాయ్ ఆ గొడవ!’ అనేస్తాడు కుర్రాడు. ‘నీకు ఓటు లేదురా అబ్బాయ్, నీ లెక్కన ఓటుంది’ అని చెప్పే పెద్దాయన వందమందిలో ఒక్కడుంటే గొప్ప.

పెద్దాయన మాటే నిజం. రాష్ట్రపతిని ఎన్నుకునేది గెలిచిన ఎంపీలు, ఎమ్మెల్యేలు. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ తేలుతుంది. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208. ఎంపీ ఓటు విలువ ఎక్కడివారికైనా 700. అంటే పొన్నూరు ఎమ్మెల్యే వేసిన ఒక్క ఓటు వెనక దాదాపు లక్షా 59 వేల మంది లెక్క ఉందన్నమాట. కాకపోతే అది 1971 నాటి జనాభా లెక్క. టీ కొట్టు దగ్గరి కుర్రాడు ఆ తర్వాత పుట్టినవాడైతే, ఆ లెక్కలో ఉన్నది వాళ్ల తాతా నాయనమ్మలు!

లెక్కలో ఉన్నాం సరే, మనల్ని అడిగేవాళ్లేరీ? అభ్యర్థి ఎవరన్నది పార్టీ పెద్దలు నాలుగు గోడల మధ్య తేల్చేస్తారు. ఆ గోడల మధ్య వాదన ముదిరి, గడప దాటి, చివరికి పార్టీనే రెండుగా చీల్చిన సందర్భం ఒకటుంది. విచిత్రం ఏమిటంటే ఆ ఏడాది పోటీలో నిలిచిన ముఖ్యులు ముగ్గురికీ తెలుగు గడపతో చుట్టరికం ఉంది.

బెంగళూరులో మొదలైంది

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. పదవిలో ఉండగా చనిపోయిన తొలి రాష్ట్రపతి ఆయనే. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకున్నారు. తర్వాత ఎవరు? జులైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ పేరు పెట్టారు. కామరాజ్, ఎస్.కె.పాటిల్, మొరార్జీ దేశాయ్ లాంటి హేమాహేమీలు లోక్‌సభ స్పీకరు నీలం సంజీవరెడ్డి కావాలన్నారు. మామూలుగా ఇలాంటివి మాటల్లోనే సర్దుకుంటాయి. ఆ రోజు సర్దుకోలేదు. ఓట్లు వేసుకున్నారు. నాలుగు సంజీవరెడ్డికి, రెండు జగ్జీవన్‌రామ్‌కి. దేశ ప్రధాని సొంత పార్టీ గదిలో ఓడిపోయారు.

అసలు పోట్లాట సంజీవరెడ్డి మంచిచెడ్డల గురించి కాదు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, కాంగ్రెస్ అధ్యక్షుడు, కేంద్రమంత్రి, స్పీకరు... అర్హతలకేం కొదవ? అయితే ఇందిర శిబిరం అనుమానం వేరు. సిండికేట్ పెద్దలు తమకు నచ్చిన మనిషిని రాష్ట్రపతి భవన్‌లో కూర్చోబెట్టి, రేపు తనను దింపేస్తారేమోనని! పెద్దల భయం ఇంకొకటి. ఆమె చెప్పినట్టల్లా సంతకం పెట్టే మనిషి వస్తే తమకిక చోటుండదని. ‘ఎవరు తగినవాడు’ అన్న ప్రశ్న ఎప్పుడో పక్కకుపోయి ‘ఎవరి మనిషి’ అన్నదే మిగిలింది.

ఆ తర్వాత వారం రోజులూ సినిమా కథే. జులై 16న మొరార్జీ చేతిలోంచి ఆర్థికశాఖ పోయింది. 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. ఆ ఆర్డినెన్సు మీద సంతకం చేసింది గిరి. మర్నాడే ఆయన రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఇక్కడ మరో తమాషా! సంజీవరెడ్డి నామినేషన్‌ను ప్రతిపాదిస్తూ సంతకం చేసింది ఎవరో కాదు... ఇందిరాగాంధీయే.

ఇద్దరు కొడుకులు... ఒక అల్లుడు

సంజీవరెడ్డిది అనంతపురం జిల్లా ఇల్లూరు. గిరి పుట్టింది బరంపురంలోనైనా ఇంటిభాష తెలుగు. కార్మిక సంఘాల్లో పండిన మనిషి. 1937లో బొబ్బిలి రాజానే ఓడించిన ఘనుడు. మూడో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, ఒకప్పటి ఆర్థికమంత్రి. మరాఠీ మనిషే గానీ మన దుర్గాబాయిని పెళ్లాడి తెలుగింటి అల్లుడయ్యాడు. ఆయన్ను నిలబెట్టింది స్వతంత్ర పార్టీ, జనసంఘ్. గిరి వెనక కమ్యూనిస్టులు, డీఎంకే ఉన్నారు.

ఈ స్వతంత్ర పార్టీ దగ్గరే కథ పొన్నూరు వీధుల్లోకి వస్తుంది. 1959లో ఆ పార్టీ పుట్టినప్పుడు తొలి అధ్యక్షుడు ఆచార్య ఎన్.జి.రంగా. సొంతూరు నిడుబ్రోలు. రంగాకూ సంజీవరెడ్డికీ పాత లెక్కలున్నాయి. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఇద్దరూ హోరాహోరీగా తలపడ్డారు. సంజీవరెడ్డి గెలిచారు. రంగా కాంగ్రెస్‌ను వదిలేసి కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్ల తర్వాత, శ్రీకాకుళం ఎంపీగా ఉన్న రంగాకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటుంది. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ఏం చేశారంటే... స్వతంత్ర, జనసంఘ్ నాయకులను కలిసి ‘మొదటి ఓటు మీవాడికే వేసుకోండి, రెండోది మాత్రం మా సంజీవరెడ్డికి వేయండి’ అని కోరారు. పాత ప్రత్యర్థి రాత ఇప్పుడు రంగా పార్టీవాళ్ల రెండో అంకె మీద ఆధారపడింది! రంగా తన చీటీ మీద ఏ అంకె ఎవరికి వేశారో ఆయనకే తెలుసు. అది రహస్య ఓటు.

నిజలింగప్ప చేసిన ఆ పని ఇందిర శిబిరానికి మంచి ఆయుధమైంది. ప్రతిపక్షాలతో చేతులు కలిపారు కాబట్టి పార్టీ అభ్యర్థికే వేయాలని విప్ ఇచ్చేది లేదన్నారు. ‘అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండి’ అన్న మాట దేశమంతా మోగింది.

సాక్షి ఎవరు?

అంతరాత్మ, మనస్సాక్షి... పొన్నూరువాళ్లకు ఈ మాటలు కొత్తకాదు. ఊళ్లో కొలువైన దేవుడి పేరే సాక్షి భావనారాయణస్వామి. కాశీయాత్రలో పిల్లనిస్తానని మాటిచ్చి, ఇంటికొచ్చాక తప్పుకోబోయిన పెద్దమనిషి విషయంలో స్వామే వచ్చి సాక్ష్యం చెప్పాడని స్థలపురాణం. మాట ఇవ్వడం తేలిక, నిలబెట్టుకోవడమే కష్టమని ఆ కథ సారం. నామినేషన్ మీద సంతకం చేసి, ఓటు దగ్గర అంతరాత్మను అడగమనడం మాట తప్పడమా? లేక పార్టీ ఆజ్ఞ కన్నా మనస్సాక్షి గొప్పదని చాటడమా? యాభై ఏళ్లు దాటినా ఈ వాదన తెగలేదు. రెండువైపులా న్యాయం కనిపిస్తుంది. ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకొంటారు... ఆ రోజు అంతరాత్మను గుర్తుచేసుకున్నవాళ్లలో చాలామంది ముందు తమ లాభం లెక్క చూసుకున్నారని!

ఆగస్టు 16న ఓటింగ్ జరిగింది. బరిలో 15 మంది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 125, ఎంపీది 576. 20న లెక్కపెడితే తొలి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవాలంటే 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. దాంతో రెండో ప్రాధాన్య ఓట్లు తీశారు. సంజీవరెడ్డికి ఏకంగా 91,879 కలిశాయి. గిరికి కలిసింది 18,562. అదే సరిపోయింది! గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. చివరి లెక్కలో ఓ 13 మంది ఎంపీలు అటునుంచి ఇటు వచ్చి ఉంటే చరిత్ర మరోలా ఉండేది.

గిరి రాష్ట్రపతి అయ్యారు. నవంబరులో ఇందిరను కాంగ్రెస్ నుంచి బహిష్కరించారు. పార్టీ రెండు ముక్కలైంది. ఎన్నిక చెల్లదంటూ కేసు పడితే, పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా సుప్రీంకోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. ఓడిన సంజీవరెడ్డి సొంతూరికెళ్లి సేద్యం చేసుకున్నారు.

గదిలో ఎవరూ ఊహించనిది

కథ అక్కడితో అయిపోలేదు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. జనతా పార్టీ తరఫున అక్కడ గెలిచింది సంజీవరెడ్డి. మళ్లీ స్పీకరయ్యారు. కొద్దినెలలకే రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. ప్రధాని మొరార్జీ మనసులో ఉన్నది నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. ఆమె వద్దన్నారు. చివరికి అన్ని పార్టీల చూపూ సంజీవరెడ్డి మీదే నిలిచింది. 37 నామినేషన్లు పడితే చెల్లింది ఆయనది ఒక్కటే. బెంగళూరులో ఎవరి పేరు మీద పార్టీ చీలిందో, ఆ మనిషే ఎనిమిదేళ్లకు పోటీలేకుండా రాష్ట్రపతి అయ్యారు!

అసలు పరీక్ష 1979లో ఎదురైంది. మొరార్జీ ప్రభుత్వం పడిపోయింది. ఎవరికీ మెజారిటీ లేదు. రాష్ట్రపతి చరణ్‌సింగ్‌ను పిలిచారు. ఆయన లోక్‌సభ ముఖం చూడకుండానే రాజీనామా చేశారు. అప్పటికి జనతా నాయకుడైన జగ్జీవన్‌రామ్ తనకు అవకాశమివ్వమన్నారు. సంజీవరెడ్డి ఇవ్వలేదు. ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు. ఆ నిర్ణయం తప్పో ఒప్పో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 1980 జనవరిలో ఎన్నికలు గెలిచి వచ్చిన ప్రధానితో ప్రమాణం చేయించిందీ ఆయనే. ఆ ప్రధాని... ఇందిరాగాంధీ!

బెంగళూరు గదిలో ఆ రోజు ఒకే భయం. ఈయనొస్తే ఇందిరను దింపుతాడని ఒకరికి, రాకపోతే ఆమెకు అడ్డుండదని మరొకరికి. జరిగిందేమిటి? ఆయన వచ్చారు. ఆయన నిర్ణయంతో ప్రధాని పదవి అందకుండా పోయింది 1969లో ఇందిర ఎంచుకున్న జగ్జీవన్‌రామ్‌కి. ప్రమాణం చేసింది ఇందిర. ‘ఎవరి మనిషి’ అని వేసుకున్న లెక్కలేవీ అక్కరకు రాలేదు.

మనవాడైతే చాలా?

పోనీ, ‘మనవాడు’ అన్న లెక్క పనికొస్తుందా? 1967లో ప్రతిపక్షాల అభ్యర్థి, సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు తెలుగువాడే. జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. 1969లో పోటీ మనవాళ్ల మధ్యే కాబట్టి భాష ఏ దారీ చూపలేకపోయింది. 2025 ఉపరాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణకు చెందిన జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డిని ప్రతిపక్షాలు నిలబెట్టాయి. తెలుగు పార్టీలన్నీ కలిసి రావాలన్న పిలుపులూ వినిపించాయి. తెదేపా, వైకాపా ఎన్డీయే అభ్యర్థి సి.పి.రాధాకృష్ణన్‌తో నడిచాయి. భారాస ఓటింగుకే దూరంగా ఉంది. భాషాభిమానం సభల్లో చప్పట్లకు పనికొచ్చినంతగా బ్యాలెట్ దగ్గర పనికిరాదని మరోసారి తేలిపోయింది.

ఇప్పుడు గిరిలా ఒంటరిగా దూకి గెలవడం మరీ కష్టం. రాష్ట్రపతి పదవికి నామినేషన్ వేయాలంటే ఓటున్న 50 మంది ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి. డిపాజిట్ 15 వేల రూపాయలు. కాబట్టి పార్టీ గదిలో ఏ పేరు తేలితే దాదాపు అదే ఖాయం. 2022లో అధికార వైకాపా, ప్రతిపక్ష తెదేపా రెండూ ద్రౌపదీ ముర్ముకే జైకొట్టాయి. ఊళ్లో ఎడమొహం పెడమొహంగా ఉండేవాళ్లంతా ఒకే పేరుకు ఓటేశారు. దాని మీద రాష్ట్రంలో ఎవరైనా నాలుగు మాటలు వాదించుకున్నారా అంటే... లేదు.

ముర్ము పదవీకాలం 2027 జులై వరకు. ఆ తర్వాత ఎవరన్న చర్చ ఢిల్లీలో ఎలాగూ జరుగుతుంది. ఏ రాష్ట్రం, ఏ కులం, ఎవరికి దగ్గర అని పత్రికల్లో పేర్లు నలుగుతాయి. పొన్నూరు టీ కొట్టు దగ్గర మాత్రం వేరే ప్రశ్న వేసుకోవచ్చు. ఏ పార్టీకీ మెజారిటీ రాని రోజున, అందరూ తలోవైపు లాగుతున్నప్పుడు ఈ మనిషి ఏం చేస్తాడు? వార్డు మెంబరును ఎంచుకునేటప్పుడు మన పెద్దవాళ్లు చూసేది అదే కదా... తగువు వస్తే ఎవరివైపూ మొగ్గకుండా మాట్లాడతాడా లేదా అని!

ఈ ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయడానికి లేదు. ఎవరికి ఓటేసినా ఫిరాయింపుల చట్టం వర్తించదు. ఎమ్మెల్యే తన మనస్సాక్షినే అడిగి ఓటేయొచ్చు. ఆ సాక్షిని అడగబోయే ముందు, ఎవరి లెక్కన ఆ ఓటు వచ్చిందో వాళ్లను కూడా ఒక మాట అడిగితే బాగుంటుంది. ఆయన అడగకపోతే ఓట్లు అడగడానికి వీధిలోకి వచ్చినప్పుడు మనమే అడగొచ్చు. ‘మా లెక్కన ఓటేశారు కదా, ఎవరిని చూసి వేశారు సార్?’ అని.