రాళ్ళూ రప్పలూ: మూడు తమ్మెల జీవి

వాదీ అల్ బాతిన్‌లో ఏరిన గులకరాళ్ళు డబ్బాల్లో పోసుకుని మా దగ్గరకు వచ్చే పిల్లలు ఎక్కువయ్యారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇది ట్రైలోబైటేనా, డాక్టరంకుల్?" కాదు నాయనా అనడం మాకూ కష్టంగానే ఉంటోంది. అందుకని ఈ నెల కారణం వివరంగా రాస్తున్నాము.

మన హఫర్‌ను ఆనుకుని ఉన్న ఈ వాదీ ఒకప్పటి పెద్ద నది అడుగు. దీని పైభాగమే వాదీ అర్ రుమ్మా. మదీనా దిక్కున పుట్టి అల్ కసీం మీదుగా వస్తుంది. మధ్యలో దహ్నా ఇసుకతిన్నెలు దానిని పూడ్చేశాయి. ఇక్కడి గులకలు వందల కిలోమీటర్లు దొర్లివచ్చిన క్వార్ట్‌జు, గ్రానైటు వంటి గట్టి రాళ్ళు. వాటిలో జీవుల అచ్చులుండవు. తమాషా ఏమిటంటే, అదే దారిలో అల్ కసీం ప్రాంతాన ట్రైలోబైట్లు నిజంగానే ఉన్నాయి! హనాదిర్ షేలు అనే పొరలో, సుమారు 46 కోట్ల ఏళ్ళ నాటివి. సౌదీలో దొరికిన నెసురేటస్ అనే రకం మీద ఫోర్టీ, మోరిస్ అనే ఇద్దరు 1982లో లండన్‌లో వ్యాసం ప్రచురించారు. స్పెయిన్‌లోనూ ఆ రకమే దొరుకుతుంది. అప్పట్లో రెండూ గోండ్వానా ఖండం అంచులే. అయితే షేలు మెత్తని రాయి. వరదలో పడితే బురదే. మన దాకా రాదు.

ఇక గుర్తుపట్టడం. మూడు భాగాలంటే తల, మొండెం, తోక అనుకుంటారు చాలామంది. కాదు. నిలువుగా చూడాలి: నడుమ వెన్నుగట్టు, అటూ ఇటూ రెండు తమ్మెలు. నిండు జీవి దొరకడం అరుదు. పీతలాగా పెంకు విడిచే జాతి గనుక దొరికేవన్నీ విడి తోకలు, చెంపముక్కలు. ఒక్క ఎముక చూసి మనిషిని ఊహించే మా వృత్తివారికి ఇది అలవాటైన పనే. టార్చి పక్కనుంచి వెయ్యండి. పైనుంచి వేస్తే గాళ్ళు కనపడవు.

మన నాపరాళ్ళ మీద అక్కడక్కడ కనిపించే నల్లని కొమ్మలు మొక్కలు కావు, మాంగనీసు మరకలు. కడప, కర్నూలు బండలు ట్రైలోబైట్లు పుట్టకముందువి. సెలవుల్లో అక్కడ వెతికి లాభం లేదు.

ఒక మిత్రులు మొరాకో సరుకని నమ్మి, కొడుకు పుట్టినరోజుకు మంచి ధర పెట్టి ఒకటి కొన్నారు. భూతద్దం కింద బుడగలు కనపడ్డాయి: పోతపోసిన రెజిను. రాతిలో ఉన్న పగులు జీవి ఒంటి మీదుగా పోవాలి; ఇందులో దాని దగ్గరకు వచ్చి ఆగిపోయింది. అబ్బాయికి చెప్పాలా వద్దా అన్నది వారింట్లో ఇంకా తేలలేదు. చెప్పమనే మా సలహా. పదేళ్ళవాడు, వాడే భూతద్దం పట్టి చూసుకోగలడు.

మరొక్క మాట, వైద్యులుగా. 1991 యుద్ధంలో సేనలు మోహరించిన నేల ఇది. రాయి వెతుకుతుంటే ఇనుప వస్తువేదైనా కనపడితే ముట్టుకోవద్దు, తన్నవద్దు. వెనక్కు వచ్చి పోలీసులకు చెప్పండి. పిల్లలను ఒంటరిగా పంపకండి.