సంగీత సహాయక నిధి ఎవరి సొత్తు?

తమిళనాడు, కర్ణాటక రాష్ట్రములందు స్థిరపడిన మన పిల్లలకు పాఠశాలలోని సంగీత తరగతి కేవలము వినోదము కాదు. ఇంట తెలుగు మాటాడుచున్నను చదువను వ్రాయను రాని బాలబాలికలు పెక్కుమంది త్యాగరాజస్వామి కీర్తనల మూలముననే మాతృభాషలోని మంచి పలుకులు నేర్చుకొనుచున్నారు. కావున శ్రుతిపెట్టెకును, మృదంగమునకును, ఉపాధ్యాయుని వేతనమునకును తలిదండ్రులు సహాయక సంఘములుగా నేర్పడి చందాలు వసూలు చేయుట హర్షింపదగినదే.

కాని ఎవరు వసూలు చేసిన చందా వారి బిడ్డ పేరనే జమకట్టవలెనని కొందరి వాదము. శ్రమించినవారికే ఫలమనుట పైకి న్యాయముగానే తోచును. ఆరాధనోత్సవమునకు పిల్లలను తిరువయ్యారు తీసికొనిపోవుటకు తలకు 2,000 రూపాయలగుననుకొందము. వర్తక మిత్రులుగల తండ్రి ఒక్క సాయంకాలముననే ఆ మొత్తము రాబట్టగలడు. దినకూలిపై బ్రదుకు తల్లి ఎవరి నడుగగలదు? దాతలు పిల్లలందరి సంగీతమునకని యిచ్చిరే కాని, ఒక యింటి ఖర్చు తగ్గించుటకు ఈయలేదు.

అమెరికాలో పాఠశాల వాద్యబృందములకును, క్రీడలకును ఇట్టి సంఘములు చాలకాలముగా నున్నవి. అచటను ఈ వాదము బయలుదేరినది. కాపిటల్ జిమ్నాస్టిక్స్ అను క్రీడా సహాయక సంఘము వసూళ్ల లాభమును వసూలు చేసిన కుటుంబములకే జమకట్టగా, అది ధర్మసంస్థ లక్షణము కాదని 2013లో అచటి పన్నుల న్యాయస్థానము తీర్పు చెప్పి, పన్ను మినహాయింపు రద్దును సమర్థించినది.

అంత దూరమేల? బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ స్వార్జితముతో తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరమును కట్టించి, 1925లో ప్రతిష్ఠ జరిపించిరి. అచట పాడవచ్చినవారిని 'దీనికి నీవేమిచ్చితివి?' అని ఎవరును అడుగరు.

మన సంఘములు పాటింపవలసిన నియమములు కష్టమైనవి కావు. రశీదు లేనిదే చందా స్వీకరింపరాదు. బ్యాంకి ఖాతా సంఘము పేర నుండవలెను. చెక్కుపై ఇద్దరు సంతకము చేయవలెను, ఆ యిద్దరు ఒక యింటివారు కారాదు. కొన్న వాద్యములను పాఠశాల ఆస్తి పట్టికలో చేర్చవలెను. ఏటేట జమాఖర్చులను తలిదండ్రుల సభలో చదివి వినిపింపవలెను. లెక్క అడుగుట అనుమానించుట కాదు. లెక్క చెప్పుట చిన్నతనమును కాదు.

చందా ఈయలేని యింటి బిడ్డయు ముందువరుసలో కూర్చుండి పాడగలిగిననాడే ఆ నిధి సార్థకమగును. ఈ విషయమును సభ్యులెల్లరు ఆలోచింతురు గాక.