పడవల్ని లెక్కపెట్టాను, ఆడవాళ్ళని కాదు

ఒక తప్పు ఒప్పుకుంటూ మొదలుపెడతాను. జువాలజీ పాఠాలు చెప్పుకునే నేను కొన్నేళ్ళ క్రితం మన తూర్పు తీరంలో ఒక రేవు విస్తరణ కోసం తయారైన పర్యావరణ ప్రభావ నివేదికకి శాంపిళ్ళు సేకరించాను. ఒకే ఒక్క సీజన్. నీళ్ళు సీసాల్లో పట్టాను, ప్లవకాలు లెక్కించాను. ‘చేపల వేట’ అన్న గడిలో పడవలు, వలలు ఎన్నో రాశాను. మొగ దగ్గర మోకాలిలోతు బురదలో ఆడవాళ్ళు గుల్లలు ఏరుతున్నారు. వాళ్ళకి ఆ ఫారంలో గడి లేదు. ఎందుకు లేదని నేనూ అడగలేదు. ఒక పెద్దావిడే అడిగింది: “ఏమ్మా, నీళ్ళు సీసాలో పోసుకెల్తన్నావు, మా గుల్లల సంగతి రాసుకున్నావా?”

నవ్వేసి వచ్చేశాను. ఆ మొగ దగ్గర చెప్పుకోదగ్గ వేట లేదని నివేదికలో అచ్చయింది. ఆ అబద్ధానికి నా అంకెలే సాక్ష్యం.

పడవ ఉన్నవాడే మత్స్యకారుడు! వేలంపాటలో చేప కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మేది, ఇసకలో చేపలు ఎండబెట్టేది ఎవరు? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపితే ఆమె గంపా ఖాళీయే. భృతి మాత్రం పడవ ఎక్కినవాళ్ళ లెక్కన. పోర్టు వస్తే నష్టపరిహారమూ పడవకీ వలకే. ఆమెకి దక్కేది మహా అయితే ఓ కుట్టు మిషను.

“మీరు సైన్సుకి, అభివృద్ధికి వ్యతిరేకులా?” అంటారు. సైన్సు చెప్పింది వినమనే కదా నేనంటున్నది! వాల్తేరు బీచిలో ఇసక ఎప్పుడు కోసుకుపోతుందో, ఎప్పుడు మేట వేస్తుందో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లాఫాండ్, ప్రసాదరావు 1954 నాటికే రాశారు. మన తీరం వెంట ఇసక ఏడాది మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. అడ్డంగా రాతిగోడ కడితే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. పైగా గోదావరి తెచ్చే ఒండ్రుని ఆనకట్టలు ఆపేస్తున్నాయి. ఉప్పాడలో ఇళ్ళు, రోడ్డు సముద్రం పాలవుతుంటే రాళ్ళు పోస్తూనే ఉన్నారు. 1990 నుంచి 2018 వరకూ జరిపిన జాతీయ అధ్యయనం దేశ తీరంలో 33.6 శాతం కోతకి గురవుతోందని తేల్చింది. అయినా సరే, జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో కట్టడాలు నిషిద్ధమైన మేరని 2019 సి.ఆర్.జడ్. నోటిఫికేషన్ 200 మీటర్ల నుంచి 50 మీటర్లకి కుదించింది. చేపలు ఎండబెట్టే ఇసక ఆ మేరలోనే ఉంటుంది. దానికి పట్టా ఉండదు, కాబట్టి పోయినా నష్టం కింద లెక్కకి రాదు.

2006 ఇ.ఐ.ఎ. నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. జరుపుతారు. నేను చూసిన సభ పొద్దున పది గంటలకి పెట్టారు. గంపలు బజారులో ఉండే వేళ అది. నివేదిక వందల పేజీల ఇంగ్లీషు. తెలుగులో ఇచ్చింది సారాంశం మాత్రమే. ముందు వరసల్లో మగవాళ్ళు. మైకు వెనక్కి రాలేదు.

ఆడవాళ్ళకి సముద్రం గురించి తెలియదనా? ఏ నెలలో ఏ గుల్ల ఎక్కడ దొరుకుతుందో, మడ చెట్లు కొట్టేశాక పీత ఎంత తగ్గిందో వాళ్ళకి తెలుసు. నా ఒక్క సీజన్ అంకెల కన్నా వాళ్ళ ముప్ఫయ్యేళ్ళ జ్ఞాపకమే నికరమైన డేటా. దాన్ని ‘అభిప్రాయం’ అని, నా సీసాని ‘శాస్త్రం’ అని పిలిచిందెవరు? ఇంటి చాకిరీని పని కాదన్న వాళ్ళే కదా!

ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి అధ్యాపకులం. ఇలాంటి నివేదికల మీద మన విద్యార్థులు పనిచేస్తారు, మనం సంతకాలు పెడతాం. అందుకే అడుగుతున్నాను. ఆడవాళ్ళ పనికి గడి లేని ఫారం మీద సంతకం పెట్టకండి. నాలుగు కాలాల అధ్యయనం అడగండి. ఒక్కో రేవుకి విడివిడిగా కాదు, ఇసక నడిచే తీరమంతటికీ కలిపి ప్రభావం లెక్కించమనండి. నివేదిక మొత్తం తెలుగులో రావాలి, సభ గంపలు దించే వేళకి జరగాలి.

ఆ పెద్దావిడకి నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను. రాసుకోలేదమ్మా. ఇప్పుడు రాస్తున్నాను.